ఫ్రాంకో చెప్పాడు: ఒక కాంగో గాయకుడి కథ

సుమారు పన్నెండేళ్ళ క్రితం, ఇంగ్లండులో నేను పనిచేసే క్లినిక్‌కు ఒక కాంగో పెద్దాయన కొన్ని నెలలకొకసారి వస్తుండేవారు. హెచ్.ఐ.వి. మందులు ఏళ్ళ తరబడి క్రమం తప్పకుండా వేసుకుంటున్న మనిషి. రక్తపరీక్షల ఫలితాలు చూసుకోవడం, రెండు మాటలు మాట్లాడుకోవడం తప్ప మా మధ్య పెద్దగా పని ఉండేది కాదు. ఒకనాడు ఊరికే అడిగాను: "ఈ జబ్బు గురించి మీరు మొట్టమొదట ఎవరి నోట విన్నారు?" డాక్టరనో, రేడియో అనో, చర్చిలో ఫాదరనో అంటారనుకున్నాను.

"ఫ్రాంకో చెప్పాడు," అన్నారాయన, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

నాకు తెలిసిన ఫ్రాంకో ఒక్కడే, స్పెయిన్ నియంత. నా మొహం చూసి ఆయన నవ్వారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి వెతికితే తెలిసింది, ముప్ఫై మూడేళ్ళు ఆఫ్రికా ఖండం సగాన్ని నాట్యం చేయించిన ఒక మహా గాయకుడి పేరు కూడా నాకు తెలియదని. కాంగో సంగీతం గురించి నాకు శాస్త్రజ్ఞానం లేదు. కానీ వైద్యుడిగా ఒక ప్రశ్న నన్ను వదలలేదు. వైద్యుల మాట చేరనిచోటికి ఈ మనిషి మాట ఎలా చేరింది? జనం చెవిని ఆయన ఏ విధంగా సంపాదించుకున్నాడు? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న సమాధానం.

తల్లి అంగడి దగ్గర

ఫ్రాంకో పూర్తి పేరు ఫ్రాన్స్వా లువాంబో మకియాది. 1938 జూలై 6న, అప్పటి బెల్జియన్ కాంగోలో, సోనా-బాటా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. కాంగో నది ముఖద్వారానికి దగ్గరలో ఉన్న మతాది రేవు నుంచి రాజధాని లియోపోల్డ్‌విల్‌కు వెళ్ళే రైలుమార్గం మీద ఉంటుంది ఆ ఊరు. నదిలో జలపాతాలు అడ్డు కావడంతో పడవలు పోలేని ఆ దారిలో 1898 నాటికి బెల్జియన్లు రైలు వేశారు. ఫ్రాంకో తండ్రి రైల్వేలో పనిచేసేవాడు. ఈ రైలు సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తుంది.

పిల్లవాడి చిన్నతనంలోనే కుటుంబం లియోపోల్డ్‌విల్‌కు చేరింది. నేటి కిన్షాసా అదే. అతనికి పది పదకొండేళ్ళ వయసులో తండ్రి చనిపోయాడు. చదువు అక్కడితో ఆగింది. తల్లి ఎన్గిరి-ఎన్గిరి పేటలో బజారున కూర్చుని మికాటే అమ్మేది. మన పునుగుల్లాంటి తిండి అది, పిండి ముద్దలను నూనెలో వేయించి తీస్తారు. అంగడికి జనాన్ని పిలవడం కొడుకు పని. నోటితో హార్మోనికా వాయించేవాడు. తరువాత ఒక రేకు డబ్బాకు కర్ర బిగించి, కరెంటు తీగల లోపలి సన్నని లోహపు పోగులను తంత్రులుగా కట్టి గిటారు చేసుకున్నాడు. ఎబెంగో దెవాయోన్ అనే సంగీతకారుడు ఆ పిల్లవాడికి అసలు గిటారు చేతికిచ్చి నేర్పాడు.

1953లో, పదిహేనేళ్ళ వయసులో, ఒక గ్రీకు వ్యాపారి నడిపే లోనింగిసా రికార్డు కంపెనీలో తొలి పాటలు రికార్డు చేశాడు. అక్కడే మరో గిటారిస్టు ఆన్రీ బొవానే అతని పేరు కుదించి 'ఫ్రాంకో' అని పిలవడం మొదలుపెట్టాడు.

బజారు అంగడి పక్కన నిలబడి పోయేవాళ్ళను ఆపడం నేర్చిన పిల్లవాడు అతను. ఎవరు ఏ మాటకు ఆగుతారో, ఏ మాటకు నవ్వుతారో, ఎవరి గొడవ ఎవరితోనో సంగీతం కంటే ముందు అక్కడ నేర్చుకున్నాడు. ఆయన పాటలన్నిటికీ ఆ బజారే బడి అని నాకనిపిస్తుంది.

వెళ్ళి తిరిగొచ్చిన లయ

బానిస ఓడల్లో అట్లాంటిక్ దాటిన వేలాది కాంగో మనుషులు తమ లయలను క్యూబాకు తీసుకుపోయారు. అక్కడ అవి స్పానిష్ గిటారుతో, పాటతో కలిసి కొత్త సంగీతంగా మారాయి. 1933 నుంచి 'జీ.వీ.' అనే వరుసలో ఆ క్యూబన్ పాటల గ్రామఫోను రికార్డులు ఆఫ్రికా మార్కెట్లోకి వచ్చాయి. నది ఒడ్డున వాటిని విన్నవారికి అది పరాయి సంగీతం అనిపించలేదు, ఊరు విడిచిపోయిన బంధువు వేరే భాష నేర్చుకుని తిరిగొచ్చినట్టు అనిపించింది. మొదట్లో అర్థం తెలియకుండానే స్పానిష్ మాటలు పాడారు. తరువాత నదీ వ్యాపారంలోనూ సైన్యంలోనూ పెరిగిన లింగాల భాషలో తమ పాటలు కట్టుకున్నారు. ఇదే కాంగో రుంబా. 2021 డిసెంబరులో యునెస్కో దీనిని మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది.

1956 జూన్‌లో, ఓకే బార్ అనే చోట వాయించే కొందరు కుర్రాళ్ళు కలిసి ఆ బారు పేరుతోనే 'ఓకే జాజ్' బృందాన్ని పెట్టారు. వారిలో ఫ్రాంకో ఒకడు, వయసు ఇంకా పద్ధెనిమిది నిండలేదు. కొన్నేళ్ళలో బృందానికి అతనే నాయకుడయ్యాడు. అప్పటికే నగరంలో జోసెఫ్ కబాసెలె నడిపే 'ఆఫ్రికన్ జాజ్' వెలుగుతోంది. వారిది నున్నని, నాగరికమైన బాణీ. ఫ్రాంకోది మొరటు. బొటనవేలు, చూపుడువేలు రెండింటితో తంత్రులను కలిపి మీటేవాడు. ఒక్క గిటారులోంచే రెండు గొంతులు పలికినట్టుండేది.

కాంగో పాటలో మొదటి భాగం మెల్లగా కథ చెబుతుంది. తరువాత మాట తగ్గి గిటార్లు ఒకదానిలో ఒకటి అల్లుకుంటూ వేగం పుంజుకుంటాయి. ఆ భాగాన్ని 'సెబెనె' అంటారు. జనం లేచి ఆడేది అక్కడే. సెబెనెను నిమిషాల తరబడి విసుగు పుట్టకుండా నడపడంలో ఫ్రాంకోకు సాటి లేదన్నారు. 'గిటారు మాంత్రికుడు' అన్న బిరుదు అందుకే వచ్చింది. 1958లో లైసెన్సు లేకుండా బండి నడిపినందుకు జైలుకు పంపితే, విడుదలైన నాడు ఆయన కోసం పేటల జనం గుమిగూడారు. అప్పటికి ఇరవై ఏళ్ళవాడు.

సూటిగా అనలేని మాట

1960 జూన్ 30న కాంగోకు స్వాతంత్ర్యం వచ్చింది. వెంటనే తిరుగుబాట్లు, లుముంబా హత్య, అంతర్యుద్ధం. 1965 నవంబరులో సైన్యాధిపతి మొబుటు అధికారం చేజిక్కించుకున్నాడు. 1966 జూన్ 2న, కుట్ర చేశారన్న ఆరోపణపై, ఒక మాజీ ప్రధానమంత్రితో సహా నలుగురు నాయకులను వేలాది జనం చూస్తుండగా బహిరంగంగా ఉరితీయించాడు. ఆ తరువాత ఫ్రాంకో ఒక మంత్రగాడి కథను పాటగా విడుదల చేశాడు. అందులో మొబుటు పేరు లేదు, ఉరి మాట లేదు. అయినా అది ఎవరి గురించో నగరానికి అర్థమైంది, ప్రభుత్వానికీ అర్థమైంది. రికార్డులను మార్కెట్ నుంచి తీసివేశారు. ఫ్రాంకో కొంతకాలం నది దాటి ఆవలి ఒడ్డున ఉన్న బ్రాజావిల్‌లో తలదాచుకున్నాడు.

పేరు చెప్పకుండా తగలవలసినవారికి తగిలేలా అనడాన్ని లింగాలలో 'ఎంబ్వాకెలా' అంటారు. మన అలంకారశాస్త్రంలో దీనికి అన్యాపదేశం అని పేరుంది. శతకకవులు ఏనుగునో తుమ్మెదనో సంబోధించి ప్రభువును దెప్పినట్టు, ఫ్రాంకో మంత్రగాడినో దర్జీనో అడ్డుపెట్టుకుని అధికారిని దెప్పాడు. 1978లో అశ్లీలమైన రెండు పాటలు క్యాసెట్ల మీద తిరిగినందుకు ఆయనను జైలుకు పంపారు. ఆ శిక్ష వెనుక ఉన్న ప్రభుత్వ న్యాయాధికారి కొన్నేళ్ళకు పదవి పోగొట్టుకున్నాడు. 1981లో 'తాయేర్', అంటే దర్జీ, అన్న పాట వచ్చింది. సూది చేజారిపోయిన దర్జీ గతి ఏమిటన్నది అందులో విషయం. ఆ దర్జీ ఎవరో జనానికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

అయితే ఫ్రాంకోను ధిక్కారకవిగా చిత్రిస్తే అది సగం నిజమే అవుతుంది. 1971లో మొబుటు దేశం పేరును జైర్‌గా మార్చి, క్రైస్తవ పేర్లు వదిలి పూర్వీకుల పేర్లు పెట్టుకోమన్నప్పుడు ఫ్రాంకో ఆ ఉద్యమానికి తన గొంతునిచ్చాడు. దానివల్ల బాగుపడ్డాడు కూడా. రికార్డు వ్యాపారం, నగరం నడిబొడ్డున సొంత క్లబ్బు, దేశపు అత్యున్నత పతకం, అన్నీ వచ్చాయి. 1984లో మొబుటు ఏకైక అభ్యర్థిగా నిలిచిన ఎన్నికకు ప్రచారగీతం కట్టినవాడూ ఈయనే. రాజు చేతి తిండి తింటూ రాజును దెప్పిన ఆస్థానకవులు మనకు కొత్తకాదు. కిన్షాసా జనం ఈ రెండు ముఖాలనూ చూశారు. చూసి కూడా ఆయనను వదలలేదు. ఎందుకన్నది తెలియాలంటే రాజకీయం పక్కనపెట్టి ఇళ్ళలోకి వెళ్ళాలి.

ఇంటింటి గొడవ

ఫ్రాంకో పేర వెయ్యికి పైగా పాటలున్నాయని అంచనా. వాటిలో ఎక్కువ భాగం రాజుల గురించి కాదు. సవతుల పోరు, అప్పు తీర్చని స్నేహితుడు, జీతం ఇంటికి తేని మగడు, పరువు కోసం పడే పాట్లు, చావులు, బంధువుల దురాశ: బజారులో విన్న ప్రతి గొడవా పాటయింది. చాలా పాటలలో మాట్లాడేది స్త్రీ. పాడేది మగవాళ్ళే అయినా కష్టం ఆమెది, తర్కం ఆమెది.

1980ల నాటికి పాటలు పది పదిహేను నిమిషాలకు సాగాయి. ఫ్రాంకో పాడడం తగ్గించి, గిటార్ల నడకమీద మాట్లాడడం మొదలుపెట్టాడు. పక్కన మదిలు సిస్టెం వంటి గాయకుడు పాడుతుంటే ఈయన నిలదీస్తాడు, ఎగతాళి చేస్తాడు, సముదాయిస్తాడు. బుర్రకథలో కథకుడికీ పక్కనున్న వంతలకూ మధ్య నడిచే సంభాషణ తెలిసిన తెలుగువాడికి ఈ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. కథ నడుస్తూనే వ్యాఖ్యానమూ నడుస్తుంది.

1985లో వచ్చిన 'మారియో' ఈ పాటలన్నిటిలోకీ పేరుపొందింది. చదువుకున్న యువకుడొకడు ఉద్యోగం వెతుక్కోకుండా, తనకంటే వయసులో పెద్దదైన ధనవంతురాలి ఇంట్లో చేరి, ఆమె డబ్బుతో బతుకుతూ, ఆమెనే బాధిస్తుంటాడు. అదీ కథ. పాట ఎంత పాకిందంటే, అలాంటి మగవాళ్ళను 'మారియో' అనడం కిన్షాసాలో వాడుకైపోయింది. మనకు గిరీశం అన్న పేరు ఒక మనిషిని దాటి ఒక రకం మనుషులకు గుర్తయినట్టే ఇదీను.

ఇక్కడే నా ప్రశ్నకు సగం జవాబు దొరికింది. ముప్ఫై ఏళ్ళుగా ఈయన తమ పడకగదుల సంగతులు, తమ అప్పుల సంగతులు సిగ్గుపడకుండా మాట్లాడుతున్నాడు. ఆయన నోట వచ్చిన ఏ మాటయినా జనానికి బయటివాడి ఉపదేశంగా వినిపించదు.

1987

1983 అక్టోబరులో ఒక అంతర్జాతీయ వైద్య బృందం కిన్షాసాలోని మామా యెమో ఆసుపత్రికి వచ్చింది. మూడు వారాలలో 38 మంది ఎయిడ్స్ రోగులను గుర్తించింది. వారిలో స్త్రీ పురుషులు దాదాపు సమానం. అమెరికాలో అప్పటికి స్వలింగ సంపర్కుల వ్యాధిగా పేరుపడిన ఎయిడ్స్ సాధారణ స్త్రీ పురుష సంబంధాల ద్వారా విస్తరిస్తోందని ప్రపంచానికి స్పష్టంగా చూపిన తొలి అధ్యయనాలలో ఇది ఒకటి. మరుసటి ఏడాది అక్కడ 'ప్రొజె సిదా' అనే పరిశోధన కేంద్రం వెలిసింది. ఎయిడ్స్‌ను ఫ్రెంచిలో 'సిదా' అంటారు.

వైద్యులకు తెలిసింది. వీధికి తెలియలేదు, తెలిసినా నమ్మలేదు. 'సిదా' అన్న నాలుగు అక్షరాలకు కిన్షాసా కుర్రకారు సొంత అర్థం కట్టారు: ప్రేమికులను నిరుత్సాహపరచడానికి కల్పించిన సిండ్రోమ్ అని. తెల్లవాళ్ళు పుట్టించిన పుకారు అనేవారు కొందరు, చేతబడి అనేవారు మరికొందరు. 1987 మార్చిలో అమెరికా మొదటి మందు ఏ.జెడ్.టి.ని ఆమోదించింది. దాని ధర కిన్షాసా మనిషికి ఊహకు కూడా అందదు. కాబట్టి ఆ ఊళ్ళో ఆనాడు ఉన్న మందు ఒక్కటే, మాట.

ఆ ఏడాదే ఫ్రాంకో 'అతాన్సియోన్ నా సిదా' విడుదల చేశాడు. సిదా జాగ్రత్త అని అర్థం. పదిహేను నిమిషాలు దాటిన పాట. కొంత లింగాల, కొంత ఫ్రెంచి. ఇందులో అన్యాపదేశం లేదు, మంత్రగాడు లేడు, దర్జీ లేడు. జీవితమంతా చాటుమాటుగా అనడంలో ఆరితేరిన మనిషి ఈసారి జబ్బును పేరు పెట్టి పిలిచాడు. అది ఎలా సోకుతుందో చెప్పాడు. తరువాత సంఘంలోని ఒక్కొక్క వర్గాన్నీ విడివిడిగా పిలిచి నీ పని ఇదీ అని అప్పగించాడు. యువకులు, విద్యార్థులు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, మతబోధకులు, ప్రభుత్వాలు, అందరూ ఆ వరుసలో ఉన్నారు. వైద్యులూ ఉన్నారు. గొంతులో హాస్యం లేదు. ఊరిపెద్ద రచ్చబండ దగ్గర నిలబడి హెచ్చరిస్తున్నట్టుంటుంది.

ఈ పాట వల్ల ఎందరు బతికారో లెక్కకట్టే వీలులేదు. ఒక పాట ప్రభావాన్ని మిగతా వాటినుంచి విడదీసి కొలిచే పరికరం మా శాస్త్రంలో లేదు. నా దగ్గరున్న సాక్ష్యం ఆ పెద్దాయన ఒక్కరే.

ఇప్పుడు రైలు సంగతి. 2014లో 'సైన్స్' పత్రికలో వచ్చిన జన్యు అధ్యయనం ఒకటి, ప్రపంచమంతటా వ్యాపించిన హెచ్.ఐ.వి. మూలాలు 1920 ప్రాంతపు కిన్షాసాలో ఉన్నాయని తేల్చింది. 1940ల చివరికి ఏటా పది లక్షల మందికి పైగా ఆ నగరం మీదుగా రైళ్ళలో ప్రయాణించేవారని, వైరస్ దేశమంతటా పాకడానికి ఆ రైళ్ళు తోడ్పడ్డాయని అందులోని వాదన. పనికోసం మగవాళ్ళను ఊళ్ళనుంచి తరలించి, కుటుంబాలను వెనుక వదిలేసి, వలసప్రభుత్వం కట్టిన నగరమది. అక్కడ వైరస్‌కు దారి దొరికింది. ఆ మగవాళ్ళ ఒంటరితనంలోంచే బార్లు, రికార్డులు, రుంబా పుట్టాయి. ఫ్రాంకో తండ్రికి జీతమిచ్చింది రైలు. ఫ్రాంకో హెచ్చరించిన జబ్బుకు దారి చూపిందీ రైలే. ఇందులో పాపపుణ్యాల లెక్క లేదు, చరిత్ర ఉంది.

నేను అనని మాట

ఇంతవరకూ చెప్పి నా సంగతి దాచుకుంటే బాగుండదు. 1990లలో ఆంధ్రదేశంలో ఒక ప్రభుత్వాసుపత్రిలో హౌస్ సర్జన్‌గా ఉన్నాను. మా వార్డు వరండా చివర, అందరికీ దూరంగా ఒక మంచం ఉండేది. ముప్ఫై ఏళ్ళ కూలీ ఒకతన్ని అందులో పడుకోబెట్టారు. కేసుషీటు మీద ఎర్రసిరాతో రాసిన అక్షరాలు వార్డంతా చదివింది, అతను తప్ప. అన్నం గిన్నె కాలితో జరిపేవారు. నేను నాడి చూడడానికి రెండు జతల గ్లవ్స్ తొడుక్కున్నాను. నాడి పట్టుకుంటే అంటుకోదని పుస్తకంలో చదివినవాణ్ణే.

"అయ్యా, నాకేం జబ్బండీ?" అని అడిగాడు. "రక్తంలో ఇన్ఫెక్షన్," అన్నాను. అతని భార్య అడిగినప్పుడూ అదే అన్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదువుకున్నవాణ్ణి, మాటలు లేక కాదు. ఆమె కూడా పరీక్ష చేయించుకోవాలని చెప్పవలసిన బాధ్యత నాది. నా పైవాళ్ళు చెబుతారనుకున్నాను. పైవాళ్ళు నేను చెబుతాననుకుని ఉంటారు. అతను పోయాక ఆమె ఊరికి వెళ్ళిపోయింది. తరువాత ఆమెకేమైందో నాకు తెలియదు.

భారతదేశంలో తొలి హెచ్.ఐ.వి. కేసులను 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలొమన్ బృందం గుర్తించింది. పదిహేనేళ్ళు తిరిగేసరికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో ఈ జబ్బు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఒకటి. అప్పుడు వచ్చాడు పులిరాజా. 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అని ఊరూరా గోడల మీద ప్రశ్న. రాష్ట్రమంతా నవ్వుకుంది, ఎవడీ పులిరాజా అని ఆరా తీసింది. ఆ నవ్వులో అప్పటిదాకా ఎవరూ పైకి అనని మాట టీకొట్టు దగ్గరికి వచ్చింది. నేను ఎర్రసిరా వెనుక దాచిన మాట అదే. లేని మనిషిని సృష్టించి చెప్పించవలసి వచ్చింది మనకు. కిన్షాసాకు ఉన్న మనిషే చెప్పాడు.

చెప్పినవాడి చావు

పాట వచ్చిన కొంతకాలానికి ఫ్రాంకో చిక్కిపోసాగాడు. భారీ మనిషి, అంగీలు వేలాడేంతగా సన్నబడ్డాడు. ఊరు గుసగుసలాడింది. ఆయన కాదన్నాడు. 1989లో పాత సహచరుడు సామ్ మాంగ్వానాతో కలిసి చివరి రికార్డు చేశాడు. ఆ ఏడాది అక్టోబరు 12న బెల్జియంలోని ఒక ఆసుపత్రిలో కన్నుమూశాడు. వయసు 51. జైర్ ప్రభుత్వం నాలుగు రోజుల సంతాపం ప్రకటించింది. రేడియోలో ఆయన పాటలే మోగాయి.

ఆయనకు ఏ జబ్బో అధికారికంగా ఎవరూ వెల్లడించలేదు. ఎయిడ్స్ అనేవారున్నారు, మూత్రపిండాల వ్యాధి అనేవారున్నారు, క్యాన్సర్ అనేవారున్నారు. ఫొటో చూసి రోగనిర్ణయం చేయడం వైద్యం కాదు. రోగి చెప్పదలచుకోని సంగతిని చావు తరువాత కూడా తవ్వి తీసే హక్కు మాకు లేదు.

అదే ఏడాది ఉగాండా గాయకుడు ఫిలీ లుతాయా తనకు ఎయిడ్స్ ఉందని బహిరంగంగా ప్రకటించాడు. బడులకూ చర్చిలకూ తిరిగి చెప్పాడు. ఫ్రాంకో పోయిన రెండు నెలలకు ఆయనా పోయాడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి ఒకరిని ధీరుడనీ మరొకరిని పిరికివాడనీ తీర్పు చెప్పడం తేలిక. రెండు జతల గ్లవ్స్ తొడుక్కున్నవాణ్ణి, ఆ తీర్పు నేను చెప్పలేను. జబ్బు గురించి ఊరికి చెప్పడానికి ఒక ధైర్యం కావాలి. తన గురించి చెప్పుకోవడానికి మరొక ధైర్యం కావాలి. ఆ రెండో ధైర్యాన్ని రోగి నుంచి ఆశించేముందు, విన్నవాళ్ళు అతన్ని వరండా చివరికి నెట్టరన్న నమ్మకం అతనికి కలగాలి. ఆ నమ్మకం ఇవ్వవలసినవాళ్ళం మేము.

తరువాతి సారి పెద్దాయన వచ్చినప్పుడు ఫోనులో ఆ పాట పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు విన్నారు. ఫ్రాంకో ఒక్కొక్కరినీ పిలుస్తున్నచోట నన్ను ఆపమన్నారు.

"ఇక్కడ మిమ్మల్ని పిలుస్తున్నాడు, డాక్టర్," అన్నారు.